ఊరి రిజిస్టర్‌లో జింకలు ఉన్నాయా?

చిప్పగిరి, ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడిలో విత్తనం వేసిన రైతుకు వాన తర్వాత పెద్ద దిగులు జింకలే. మొలక రెండాకులు విప్పగానే మంద దిగుతుంది. పత్తి అయినా, శనగ అయినా తెల్లారేసరికి సాళ్లు బోసిపోతాయి. ఈ కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే జైలే. మరి మా గోడు ఎవరికి చెప్పుకోవాలని రైతు అడిగితే అందరూ అటవీశాఖ వైపు చూపిస్తారు. చెప్పుకోదగిన చోటు ఊళ్లోనే ఇంకొకటి ఉందని చాలామందికి తెలియదు. అదే జీవవైవిధ్య యాజమాన్య కమిటీ.

2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం చిప్పగిరి పంచాయతీ అయినా, ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీలైనా ఈ కమిటీ వేసుకోవలసిందే. 2004 నిబంధనలు అధ్యక్షుడు కాక ఆరుగురి దాకా సభ్యులు, వాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలన్నాయి. 2023 సవరణ సభ్యుల సంఖ్య ఏడుకు తగ్గకుండా, పదకొండుకు మించకుండా ఉండాలని నిర్ణయించింది. వీళ్లు ప్రభుత్వ ఉద్యోగులే కానక్కర్లేదు. గొర్రెల కాపరి, ఆకు పసరు తెలిసిన పెద్దమ్మ, రైతు, బడిపంతులు ఇందులో కూర్చోవాలి.

వాళ్ల మొదటి పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడం. ఊరి పొలిమేరలో ఏ చెట్లున్నాయి, వంకలో ఏ చేపలు దొరుకుతాయి, ఏ కొర్ర, ఏ జొన్న విత్తనం ఇంకా ఎవరింట్లో మిగిలింది, జింకలు ఏ నెలలో ఎటునుంచి వస్తాయి, అంతకుముందు ఎక్కడ మేసేవి: ఇదంతా ఊరివాళ్లను అడిగి రాయాలి. నా దృష్టిలో ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. జింక గడ్డి బీళ్ల జంతువు. బీడు దున్నేస్తే అది చేలో పడక ఎక్కడికి పోతుంది? బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం కథా ఇదే. చుట్టూ బీళ్లు సాగులోకి వచ్చాయి. పిట్ట కనుమరుగైంది, జింకలు పెరిగాయి, రైతుకు అభయారణ్యం మీదే కోపం పుట్టింది. ఏ బీడు ఎప్పుడు పోయిందో రాసిపెట్టిన ఊరికి అధికారుల ముందు మాట్లాడడానికి ఆధారం ఉంటుంది.

కమిటీ జింకలను తరలించలేదు, పంట పరిహారమూ ఇవ్వలేదు. అవి అటవీశాఖ చేతిలోని పనులు. అయితే ఊరి జీవవనరుల వాడకం గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్ర జీవవైవిధ్య మండలి ఈ కమిటీని సంప్రదించి తీరాలి. వ్యాపారం కోసం వనరులు సేకరించేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసే హక్కు కూడా దీనికుంది. ఇది కాగితం మీది మాట కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమరచింతలో సేకరించిన రెండు వేల కిలోల వేపాకును హైదరాబాద్ కంపెనీ ఒకటి జపాన్‌కు పంపింది. అందుకు జాతీయ సంస్థకు కట్టిన 55,035 రూపాయల్లో 20,000 అమరచింత కమిటీకే తిరిగొచ్చాయి, వేప మొక్కలు నాటడానికి, అవగాహన కల్పించడానికి. మొత్తం చిన్నదే. కానీ ఊరి వేపచెట్టుకు ఊరికి హక్కుందని అది రుజువు చేసింది.

కమిటీలు వేయని, రిజిస్టర్లు రాయించని రాష్ట్రాలు 2020 జనవరి 31 తర్వాత నెలకు పది లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ హెచ్చరించాక దేశమంతటా హడావుడి మొదలైంది. గడువుకు భయపడి నింపిన రిజిస్టర్‌లో కాపరి మాట ఉండదు. కాపరిని అడగకుండా రాసిన జాబితా రైతుకు ఎందుకూ పనికిరాదు.

మీ పంచాయతీ కార్యదర్శిని అడిగి చూడండి: కమిటీలో ఎవరున్నారు, రిజిస్టర్ ఎక్కడుంది? అందులో జింకల పేజీ లేకపోతే వచ్చే గ్రామసభలో, విత్తనాలకు ముందే, ఆ పేజీ రాయించండి.