ఇంద్రసభలో పొగ... బళ్లో లెక్క

జూబ్లీహిల్స్ స్టూడియోల్లో రోజూ జరిగే రసాయన శాస్త్రం పక్క వీధి బడికి ఎందుకు చేరదు?

పౌరాణికంలో ఇంద్రసభ కావాలన్నా, సోషల్ సినిమాలో హీరో హీరోయిన్లు కలలోకి జారుకోవాలన్నా డైరెక్టర్ ముందుగా అడిగేది పొగ. పాదాలు కనిపించకుండా, నేలను అంటిపెట్టుకుని పాకే తెల్లటి పొగ. దానికో పాత పద్ధతి ఉంది. థర్మకోల్ పెట్టెలో వచ్చిన డ్రై ఐస్ గడ్డల్ని మందపాటి గ్లౌజులతో తీసి వేడినీళ్ల డ్రమ్ములో వేస్తారు. పొగ బుడబుడమని పొంగి, గొట్టంలోంచి నేల మీదికి జారుతుంది. అప్పుడు అప్సరసలు దిగుతారు.

ఆ తెల్లగా కనిపించేది ఏమిటని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. కార్బన్ డయాక్సైడ్ అని ఠక్కున చెప్పేస్తారు. కాదు. ఆ వాయువుకు రంగు లేదు, కంటికి ఆనదు. సున్నాకు 78 డిగ్రీలు దిగువన ఉన్న గడ్డ, నీళ్లు తగలగానే ద్రవమయ్యే పని లేకుండా నేరుగా వాయువవుతుంది. ఆ చలికి చుట్టూ ఉన్న నీటి ఆవిరి సన్నటి తుంపరలై తేలుతుంది. మనం చూసే తెలుపు ఆ తుంపరలదే. మరి పైకి లేవదేం? చల్లగా ఉంది, పైగా బరువు కూడా. గాలి సగటు అణుభారం 29 అయితే, దీనిది 44.

ఇక్కడితో ఆగితే అది వింత మాత్రమే. పాఠం కావాలంటే లెక్క వేయాలి. 10 కిలోల డ్రై ఐస్ అంటే దాదాపు 227 మోల్స్. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ వాయువుకు 24 లీటర్ల పైచిలుకు చోటు కావాలి. అంటే మొత్తం సుమారు 5,500 లీటర్లు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 34,000 లీటర్లు. తలుపులు మూసిన అలాంటి గదిలో 10 కిలోలూ వాయువైతే గాలిలో ఆరో వంతు కార్బన్ డయాక్సైడే అవుతుంది. పదో వంతు దాటితే చాలు, మనిషికి స్పృహ తప్పుతుంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు పార్టీలో పొగ అందంగా వస్తుందని ఈతకొలనులో 25 కిలోల డ్రై ఐస్ గుమ్మరించారు. ముగ్గురు చనిపోయారు. స్టూడియో ఫ్లోర్ ఎత్తుగా, విశాలంగా ఉండబట్టి సరిపోతోంది గానీ, అదే పొగను పెళ్లి మండపాల్లోకీ ఇరుకు హాళ్లలోకీ తెచ్చేసిన ఈ రోజుల్లో ఈ లెక్క ప్రతి ఇంటర్ కుర్రాడికీ రావాలి. వాళ్లకు పీవీ = ఎన్ఆర్‌టీ అనే వాయు సమీకరణం నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఈ లెక్క మాత్రం రాదు.

లైట్‌బాయ్‌ల, జూనియర్ ఆర్టిస్టుల పిల్లలు చదువుకునే కృష్ణానగర్ బడిలో ల్యాబ్ లేదనుకుందాం. వాయువుల పీడనం పాఠానికి 20 ఎం.ఎల్. సిరంజి చాలు. సూది తీసేసి, పిస్టన్ 20 గీత దగ్గర పెట్టి, మూతి గట్టిగా బిగించి, నిలువుగా నిలబెట్టి పైన బియ్యం ప్యాకెట్లు ఒక్కొక్కటే ఎక్కించాలి. లోపలి గాలి 10 గీత దగ్గరికి, అంటే సగానికి రావాలంటే పీడనం రెట్టింపవ్వాలి. గొట్టం వ్యాసం రెండు సెంటీమీటర్లయితే అందుకు దాదాపు మూడుంపావు కిలోలు పడుతుంది. రబ్బరు రాపిడి వల్ల లెక్క కొంత తప్పుతుంది. తప్పనివ్వండి. ఎందుకు తప్పిందని పిల్లలు కొట్లాడుకుంటే ఆ పీరియడ్ సార్థకమైనట్టే. 1662లో రాబర్ట్ బాయిల్ చేసిందీ ఇంతే. ఆయన దగ్గర బియ్యం బదులు పాదరసం ఉంది.

ఆ బాయిల్ గారే మన సినిమాల్లో సుమోల్ని గాల్లోకి లేపుతున్నాడని చెబితే వెనక బెంచీ కూడా ముందుకు వంగుతుంది. కారు కింద బిగించిన గొట్టంలో బాగా కుదించిన నైట్రోజన్‌ను ఒక్కసారిగా వదిలితే పిస్టన్ నేలను తన్నుతుంది, బండి పల్టీ కొడుతుంది. 2006 నాటి బాండ్ సినిమా ‘కాసినో రాయల్’లో కారు ఏడు పల్టీలు కొట్టింది ఇలాగే. మన దగ్గర తాళ్లు, క్రేన్ల సాయంతో లేచినవీ ఉన్నాయి, అది వేరే అధ్యాయం.

మంట సంగతి ఇంకా బాగుంటుంది. ఇంట్లో స్టవ్ మంట నీలంగా ఉండాలి, సెట్టు మీద తగలబడే ఇంటి మంట పసుపుగా ఉండాలి. రెండింటికీ అదే గ్యాస్. అందులోని ఒక ప్రొపేన్ అణువు పూర్తిగా మండాలంటే ఐదు ఆక్సిజన్ అణువులు కావాలి. సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో అవగాడ్రో చెప్పాడు కాబట్టి, లీటరు ప్రొపేన్‌కు ఐదు లీటర్ల ఆక్సిజన్, అంటే పాతిక లీటర్లకు కాస్త తక్కువ గాలి. గొట్టంలో గాలి కలవనివ్వకపోతే కాలని కార్బన్ రేణువులు వేడెక్కి పసుపుగా వెలుగుతాయి. కెమెరాకు కావలసింది ఆ పసుపే. సమీకరణం తూచడం ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇక పదో తరగతి ‘రసాయన చర్యలు’ పాఠంలో వెలుతురుకు సిల్వర్ బ్రోమైడ్ విడిపోయే ఉదాహరణ ఉంటుంది. డిజిటల్ రాకముందు పరిశ్రమ మొత్తం నిలబడింది ఇలాంటి చర్య మీదే. ఫిల్మ్ కడిగిన హైపో నీళ్లలోంచి ల్యాబులు మళ్లీ వెండి రాబట్టుకునేవి. ఎల్.వి. ప్రసాద్ పేరు చెబితే నటుడు, దర్శకుడు గుర్తొస్తారు. ఆయన ల్యాబులు నడిపింది ఈ రసాయనాలతోనని పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

చెప్పకపోగా ఉన్నదీ పోతోంది. 2022లో భారం తగ్గిస్తున్నామంటూ ఎన్సీఈఆర్టీ పదకొండో తరగతి కెమిస్ట్రీ పుస్తకంలోంచి వాయు నియమాలున్న ‘పదార్థ స్థితులు’ అధ్యాయాన్ని తీసేసింది. తర్వాత నీట్, జేఈఈ మెయిన్ సిలబస్‌లూ అదే దారి పట్టాయి. పరీక్షలో రానిది కార్పొరేట్ కాలేజీ బోర్డు మీదకు రాదు. భారం తగ్గించాల్సింది సూత్రాల జాబితాలో. చేత్తో చేసి చూడగలిగిన పాఠాన్ని తీసేయడం తెలివితక్కువ పని.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఫిల్మ్ చాంబర్ పెద్దలు ఆ ఒక్క పూట ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫ్లోర్ ఇప్పించాలి. చుట్టుపక్కల సర్కారు బళ్ల పిల్లల్నీ, ఫిజికల్ సైన్స్ టీచర్లనూ పిలవాలి. ఉపన్యాసాలు వద్దు. ఫైట్ మాస్టర్‌నీ, పొగ వేసే కుర్రాణ్నీ మాట్లాడనివ్వండి, పిల్లల్ని లెక్క కట్టనివ్వండి. డ్రై ఐస్ పెట్టె తెరిచే ముందు తలుపులు మాత్రం బార్లా తీసి ఉంచండి.