ఇంటికి నాడి చూసే వైద్యులు

మనిషికి జ్వరం వస్తే థర్మామీటరు పెట్టి చూస్తారు. మరి ఇంటికి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? ఇంటికి జబ్బేమిటని నవ్వకండి. చలి దేశాలలో ఇల్లిల్లూ తిరిగి, లోపలి వేడి ఏ దారిన బయటికి పోతున్నదో కనిపెట్టి చెప్పే నిపుణులు ఉన్నారు. వారే గృహశక్తి పరీక్షకులు.

ఆ దేశాలలో చలికాలమంతా గ్యాసో, చమురో, కరెంటో ఖర్చు చేసి ఇళ్లను వెచ్చగా ఉంచుకోవాలి. 1973లో చమురు సంక్షోభం వచ్చి, కొద్ది నెలలలోనే ముడిచమురు ధర సుమారు 4 రెట్లయింది. వేడి వృథా అయితే డబ్బు వృథా అయినట్లేనని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఆ రోజులలోనే అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, న్యూజెర్సీ రాష్ట్రంలో ట్విన్ రివర్స్ అనే చోట వరుస ఇళ్లను పరిశీలిస్తున్నారు. ఆ ఇళ్లలో పైకప్పు కింద అటక, అటక నేలమీద గాజునూలు పరుపు ఉన్నాయి. గాజునూలు అధమ ఉష్ణవాహకమని మీకు తెలుసు. దాని మందాన్నిబట్టి ఎంత వేడి పైకి పోవాలో లెక్క కట్టవచ్చు. తీరా అటకలో కొలిచి చూస్తే, లెక్కకు మించి వెచ్చగా ఉంది! గాజునూలును తప్పించుకుని వేడి పైకి ఎలా చేరింది?

వెతగ్గా వెతగ్గా దొంగదారులు బయటపడ్డాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడలను బోలు ఇటుకలతో కట్టారు. ఆ బోలులోని గాలి వేడెక్కి, తేలికై, తిన్నగా అటకలోకి ఎక్కుతున్నది. పొగగొట్టం చుట్టూ వదిలిన సందు మరొక దారి. గాజునూలు ఉష్ణవహనాన్ని ఆపుతుందిగాని, పక్కనుంచి దాటిపోయే గాలిని ఎలా ఆపగలదు? దుప్పటి ఎంత మందమైనదైనా కాళ్లు బయట ఉంటే చలి వేయదా?

గాలి మోసుకుపోయే వేడి తక్కువేమీ కాదు. పెన్సిలు తీసుకోండి. ఒక ఇంటినుంచి గంటకు 150 ఘనపు మీటర్ల వెచ్చని గాలి పోయి, అంతే చల్లగాలి లోపలికి వస్తున్నదనుకుందాం. లోపల 20 డిగ్రీల సెంటీగ్రేడు, బయట మైనస్ 5. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు. కిలోగ్రాము గాలిని 1 డిగ్రీ వేడి చేయటానికి సుమారు 1 కిలోజౌలు కావాలి. 150 × 1.2 × 25 = 4,500 కిలోజౌళ్లు. అంటే గంటకు 1.25 యూనిట్ల కరెంటు, రోజుకు 30 యూనిట్లు!

ఈ సందులను పట్టే సాధనం 1977 ప్రాంతంలో స్వీడన్‌లో వాడుకలోకి వచ్చింది. అక్కడ కిటికీలో ఫ్యాను అమర్చి పరీక్షించేవారు. 1979లో ఈ పద్ధతి అమెరికా చేరింది. ఇప్పుడు వీధి తలుపు తెరిచి, ద్వారబంధానికి గుడ్డ తెర బిగించి, అందులో పెద్ద ఫ్యాను పెడతారు. మిగిలిన తలుపులు, కిటికీలు మూసివేస్తారు. ఫ్యాను లోపలి గాలిని బయటికి తోడుతుంది. లోపలి పీడనం బయటికంటే 50 పాస్కళ్లు తగ్గేదాకా వేగం పెంచుతారు. 50 పాస్కళ్లంటే ఎంతో కాదు, గ్లాసులోని నీటిని గొట్టంతో 5 మిల్లీమీటర్ల ఎత్తుకు పీల్చటానికి చాలినంత. ఆ పీడనాన్ని నిలపటానికి ఫ్యాను గంటకు ఎంత గాలి తోడవలసివస్తే, ఇల్లు అంత జల్లెడ అన్నమాట. జర్మనీలో పుట్టిన 'పాసివ్ హౌస్' ప్రమాణం ప్రకారం అది ఇంటి ఘనపరిమాణానికి 0.6 రెట్లు మించకూడదు.

ఫ్యాను తిరుగుతుండగా పరీక్షకుడు సన్నని పొగ వదులుతూ గది గదీ తిరుగుతాడు. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ సందు. పరారుణ కిరణాల కెమెరాలో చల్లగాలి దూరేచోట గోడమీద నల్లని చారలుగా కనిపిస్తుంది. ఇంటివారు కిటికీ అద్దాలను అనుమానిస్తారు. దొంగ తరచు కరెంటు తీగలకోసం కప్పుకు చేసిన రంధ్రంలోనో, అటక తలుపు అంచునో దొరుకుతాడు.

అయితే దొరికిన సందునల్లా మూసెయ్యటమేనా? పరీక్షకుని అసలు బాధ్యత ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంట్లో గ్యాసు పొయ్యి, నీళ్లు కాచే బాయిలరు మండుతుంటాయి. వాటికి గాలి కావాలి, పొగ బయటికి పోవాలి. ఇంటిని డబ్బాలా బిగించి, వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను వేస్తే, పొగగొట్టంలో పైకి పోవలసిన వాయువులు వెనక్కి తిరిగి గదిలోకి రావచ్చు. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ప్రాణాలకే ముప్పు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మంచి పరీక్షకుడు సందులు మూసిన తరువాత కూడా వచ్చి, పొగగొట్టం సరిగా లాగుతున్నదో లేదో చూసిగాని సంచి సర్దుకోడు.

మన ప్రాంతంలో కథ తిరగబడుతుంది. మనకు వేడి బయటినుంచి లోపలికి వస్తుంది, అందులోనూ ఎండకు కాగిన శ్లాబుగుండా. ఇక్కడ పరీక్షకుడు ముందు డాబా ఎక్కాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు అందులో ఒక భాగం. సున్నం వేసిన డాబా చల్లగా ఉంటుందని మన తాతలకు తెలిసినదే.

సందుల సంగతి చూడాలంటే ఏ.సి. గది ఉన్నచోట ఈ ప్రయోగం చేయండి. పెద్దవారిని పక్కన ఉంచుకుని, కర్టెన్లకు దూరంగా, తలుపును వేలెడంత తెరిచి, వెలిగించిన అగరువత్తిని సందు దగ్గర నేలకు చేరువగా పట్టుకోండి. పొగ గది బయటికి పోతుంది. తరువాత తలుపు పైఅంచు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోతుంది. ఎందుకో మీరే చెప్పండి.