తలకు దెబ్బ తగిలితే పప్పు మానేయాలా?

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చే దారిలో బైక్ జారింది. తలకు దెబ్బ. కడప రిమ్స్‌కో, తిరుపతికో, కర్నూలుకో తీసుకెళ్లారు. స్కాన్ చేశారు, కుట్లు వేశారు, గండం గడిచిందన్నారు. పది రోజులకు ఇంటికొచ్చిన ఆ మనిషికి మన ఇళ్లలో మొదట ఎదురయ్యేది పథ్యం. ‘పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ, గోంగూర జోలికే పోవద్దు.’ చివరికి పళ్లెంలో మిగిలేది బ్రెడ్డు, చారన్నం. చెప్పే పెద్దవాళ్లది ప్రేమే. కానీ తిండి బాగా కావాల్సిన సమయంలోనే మనిషిని అరకడుపుతో ఉంచుతున్నామని మీ ఇంట్లో ఎవరైనా ఒకరు గట్టిగా చెప్పాలి.

కుట్లు చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పు వల్ల కాదు. పైగా గాయం మానాలంటే పప్పులోని మాంసకృత్తులే కావాలి.

మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. దాచుకోవడానికి దానికి గాదె లేదు, రక్తం ఎప్పటికప్పుడు తెచ్చివ్వాల్సిందే. దెబ్బ తగలగానే మెదడు కణాల్లోని పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతాయి. ఆ తారుమారును సర్దుకోవడానికి కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా ఖర్చుచేస్తాయి. ఆ తర్వాత రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి మందగిస్తాయి. గాయం తీవ్రమైనదైతే ఒళ్లంతా అదనపు శక్తి కోరుతుంది. తిండి అందకపోతే సొంత కండలనే కరిగించుకుంటుంది. మంచం దిగేసరికి కాళ్లు సన్నబడిపోవడానికి ఇదీ ఒక కారణం.

‘సెలైన్ ఎక్కిస్తున్నారు కదా’ అంటారు. ఒక లీటరు 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసాలో ఉండేది 50 గ్రాముల గ్లూకోజ్. అంటే 170 కేలరీలు, దాదాపు మూడు ఇడ్లీలంత. మాంసకృత్తులు సున్నా. అందుకే తలకు తీవ్ర గాయమైనవారికి 24 గంటల్లోపే ఆహారం మొదలుపెట్టాలని, తొలి రెండు వారాలు ఒంటి బరువులో కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో సూచించింది. మీవాళ్లకు డాక్టర్లు ముక్కులోంచి గొట్టం వేస్తామంటే భయపడి వద్దనకండి. అది ఆ మనిషికి అన్నం పెట్టే దారి.

60 కిలోల మనిషికి ఈ లెక్కన రోజుకు 60 నుంచి 90 గ్రాములు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు చెనిక్కాయల్లో 7 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు ఉంటాయి. బ్రెడ్డు, చారన్నంతో ఈ లెక్క ఎక్కడికీ చేరదు. ఇంటికొచ్చాక రెండు పూటలా పప్పు, గుడ్డు, పెరుగు, తినేవాళ్లయితే చేపో కోడికూరో పెట్టండి. కిడ్నీ జబ్బున్నవారికి మాత్రం ఎంత పెట్టాలో డాక్టరునే అడగాలి.

ఇది దెబ్బ తగిలాక సంగతి. దెబ్బకు ముందు తిన్న తిండి కూడా లెక్కలోకి వస్తుందా? లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో గోమెజ్ పినిల్లా బృందం ఈ ప్రశ్ననే పట్టుకుంది. కొవ్వు, పంచదార దట్టించిన మేత తిన్న ఎలుకలు తలకు చిన్న దెబ్బ తగిలాక దారి గుర్తుపట్టడంలో మామూలు ఎలుకల కంటే బాగా వెనకబడ్డాయని 2003లో ప్రకటించింది. నాడీకణాలు మళ్లీ అల్లుకోవడానికి తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ వాటిలో తగ్గింది. 2004లో చేపనూనెతో, 2006లో పసుపులోని కర్‌క్యుమిన్‌తో చూస్తే ఫలితం తిరగబడింది, నష్టం తగ్గింది.

అయితే ఇవి ఎలుకలు. మనం కూరలో వేసే చిటికెడు పసుపులోని కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అందుకని క్యాప్సూళ్లు కొనుక్కోకండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి అవి ప్రమాదం కూడా. పసుపు కూరలోనే ఉండనివ్వండి. హెల్మెట్ పనిని ఏ పసుపూ చేయదు.

ఆ పరిశోధనల నుంచి మన వంటింటికి పనికొచ్చేది ఒకటుంది. రోజూ కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు తినే అలవాటును తగ్గించుకోవడం. పులివెందుల వైపు చీనీ తోటలున్నా, చీనీకాయను రసం తీసి రెండు చెంచాల చక్కెర కలిపి తాగుతాం. తొనలు ఒలిచి తినండి, పీచు కూడా దక్కుతుంది. సంగటి మంచిదే, కానీ రాగిపిండి తగ్గి బియ్యం ఎక్కువైతే అది పేరుకే రాగి సంగటి. చెనిక్కాయల్లో మాంసకృత్తులున్నా ఒమేగా-3 దాదాపు ఉండదు. దానికి చేపలు తినాలి. శాకాహారులు అవిసె గింజల పొడి వాడుకోవచ్చు. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లు, పాలు కూడా అంతంతమాత్రమే అయితే, ఒకసారి బీ12 పరీక్ష చేయించుకోండి. అది లోపిస్తే నరాలు ఏ దెబ్బా లేకుండానే పాడవుతాయి.

మెదడుకు దెబ్బ రోడ్డు మీదే తగలనక్కర్లేదు. బీపీ పెరిగి పక్షవాతం వచ్చినా మెదడుకు గాయమే. ఇక్కడ మన తిండిలో అసలు దోషి కారం కాదు, దానిలో కలిసే ఉప్పు. ఎర్రకారం దోసె, ఊరగాయ, అప్పడం, వడియం అన్నింటినీ కలుపుకొని రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కిడ్నీ జబ్బున్నవారు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరును అడక్కుండా ఆ ఉప్పు వాడకూడదు.

చివరిగా ఒక జాగ్రత్త. మూతి వంకరపోయి, చేయి పడిపోయిన మనిషికి కంగారులో మంచినీళ్లో, కాఫీనో పోయకండి. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. ముందు 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఏ గంటకు మొదలయ్యాయో కాగితం మీద రాసుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న సమయం నాలుగున్నర గంటలే. నోటితో ఏం పెట్టాలన్నా ఆసుపత్రిలో మింగుడు పరీక్ష అయ్యాకే.