చేపల తొట్టెలో పగలూ రాత్రీ

ఇంటిలో చేపల తొట్టె ఉంటే వచ్చిన అతిథి చూపు ముందుగా దాని మీదనే పడుతుంది. అన్నం తిననని మారాం చేసే పిల్లలు దాని ముందు కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువే తింటారు. అయితే ఆ గాజు గోడల వెనుక ఉన్న ప్రాణులకు పగలు ఎప్పుడు, రాత్రి ఎప్పుడు అన్నది నిర్ణయించేది మన చేతిలోని స్విచ్చు అన్న సంగతిని మనం తరచుగా మరచిపోతాము. మేమూ మరచిపోయాము. తొట్టెకు సొంతంగా ఎల్.ఇ.డి. దీపాలు అమర్చుకునే ప్రయత్నంలో ఆ సంగతి మాకు తెలిసివచ్చింది.

మా ఇల్లు కర్నూలులో. మా తొట్టె పొడవు మూడడుగులు. వెడల్పు, ఎత్తు అడుగుంపావు చొప్పున. అందులో సుమారు 120 లీటర్ల నీరు పడుతుంది. కొన్ని గప్పీలు, నియాన్ టెట్రాలు, రాళ్లకు కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలు అందులో ఉన్నాయి. పై మూతలో రెండు ట్యూబులైట్లు ఉండేవి. నీటి ఆవిరి తగిలి వాటి కొనలు తుప్పు పట్టాయి. ఒకనాడు మా చిన్నబాబు తడి చేతితో మేత వేయబోయి మూతను తాకాడు. చెయ్యి జివ్వుమన్నదని ఏడుస్తూ వచ్చాడు. దేవుని దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు. ఆ పూటే మెయిన్ స్విచ్చు ఆపి ఆ మూతను తీసివేశాము.

ఎల్.ఇ.డి. ఎందుకు?

ట్యూబులైటుకు నేరుగా 230 వోల్టుల కరెంటు కావాలి. ఎల్.ఇ.డి. స్ట్రిప్పుకు 12 వోల్టులు చాలు. 230 వోల్టులు అడాప్టర్ దగ్గరే ఆగిపోతాయి. నీటి మీదకు వచ్చేది 12 వోల్టులే. పిల్లలున్న ఇంటికి ఇదే మొదటి లాభం.

రెండవది పొదుపు. మా పాత ట్యూబులు ఒక్కొక్కటి 30 వాట్లవి. వాటి చోకులను కలుపుకుంటే మొత్తం సుమారు 80 వాట్లు. సాయంత్రం 5 గంటల నుంచి ఉదయం 7 వరకు అవి వెలుగుతూనే ఉండేవి. అంటే నెలకు 33 యూనిట్ల పైచిలుకు.

తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు మన ఇళ్లకు చేరడం వెనుక నీలి రంగు ఎల్.ఇ.డి. ఆవిష్కరణ ఉన్నది. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజీ నకమురా శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మనం కొనే తెల్లని స్ట్రిప్పులో ఉన్నదీ సాధారణంగా నీలి చిప్పే. దానిపై పూసిన పసుపు పూత ఆ వెలుగును తెల్లగా మారుస్తుంది. ఆకులలోని పత్రహరితం ముఖ్యంగా నీలి, ఎర్రని కాంతిని గ్రహిస్తుంది. అందువల్ల పగటి వెలుగును పోలిన 6500 కెల్విన్ తెల్లని స్ట్రిప్పు మామూలు మొక్కలకు సరిపోతుంది. రంగురంగుల దీపాలు అవసరం లేదు.

అమరిక

తడి తగిలినా చెడకుండా పైన సిలికాన్ పొర ఉన్న స్ట్రిప్పును తీసుకున్నాము. పెట్టెపై ఐపి 65 లేదా ఐపి 67 అని ఉంటుంది. మీటరుకు 60 దీపాలున్న ఈ రకం మీటరుకు సుమారు 14 వాట్లు తీసుకుంటుంది. మూడు దీపాలకు ఒకసారి కత్తిరించే గీత ఉంటుంది; ఆ గీత వద్ద మాత్రమే కత్తిరించాలి. తొట్టె పొడవును బట్టి 85 సెంటీమీటర్ల ముక్కలు చేశాము.

ఈ ముక్కలను చెక్కకో ప్లాస్టిక్‌కో అంటించరాదు. ఎల్.ఇ.డి.కి వేడి శత్రువు; వేడి బయటకు పోకపోతే దాని ఆయువు తగ్గిపోతుంది. అందుకే అల్యూమినియం చానల్‌లో అంటించాము. ప్రతి వరుసకూ అడాప్టర్ నుంచి విడిగా తీగ ఇచ్చాము. ఒక వరుస చివర నుంచి మరొక వరుసకు కలుపుకుంటూ పోతే చివరి దీపాలు మందగిస్తాయి. ప్లస్, మైనస్ గుర్తులు చూసి టంకం వేసిన తరువాత అతుకులను సిలికాన్‌తో మూసివేశాము. పులుపు వాసన వచ్చే సిలికాన్ రాగి తీగను తినివేస్తుంది గనుక వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి.

అడాప్టర్ ఎంపికకు ఒక చిన్న లెక్క చాలు. మొత్తం వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి; దానికి పావు వంతు కలిపి కొనాలి. మేము మొదట నాలుగు వరుసలు వేశాము గనుక 49 వాట్లు, అంటే నాలుగు ఆంపియర్ల పైన. 5 ఆంపియర్ల అడాప్టర్ తీసుకున్నాము. దానిని తొట్టె పైన గాని, కింద గాని కాక పక్క గోడకు బిగించాము. తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా తీగను ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగేలా వదిలాము. దీపాలకు, నీటికి మధ్య ఒక గాజు పలక పరిచాము. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని ఎలక్ట్రీషియన్ చేత పెట్టించాము. 230 వోల్టుల పని తెలిసినవారికే అప్పగించాలి. అందులో మొహమాటం, పిసినారితనం పనికిరావు.

వెలుగు ఎక్కువైతే

మొదటి రాత్రి తొట్టె పెళ్లి పందిరిలా వెలిగింది. ఇరుగుపొరుగువారు వచ్చి చూసి మెచ్చుకున్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి గాజు మీద ఆకుపచ్చ పొర కట్టింది, ఆకుల మీద వెంట్రుకల వంటి నాచు పెరిగింది. టెట్రాలు రంగు తగ్గి రాళ్ల చాటున ఉండిపోయాయి. మేత వేసినా పైకి రావడానికి జంకేవి.

లోపం దీపాలలో లేదు, మా ఆశలో ఉంది. జావా ఫెర్న్, అనూబియాస్ నీడలో నెమ్మదిగా పెరిగే మొక్కలు. అవి వాడుకోలేని వెలుగును, చేపల వ్యర్థాలలోని పోషకాలను నాచు వాడుకుంది. పైగా పాత అలవాటు ప్రకారం దీపాలు రాత్రంతా వెలుగుతున్నాయి. ఈ చేపలకు కనురెప్పలు లేవు; వెలుగు వద్దనుకున్నా కళ్లు మూసుకోలేవు. వాటికి విశ్రాంతి చీకటిలోనే. మనం చూసి ఆనందించడానికి వాటికి రాత్రే లేకుండా చేశామని గ్రహించినప్పుడు మాకు సిగ్గు కలిగింది.

రెండు వరుసలు తీసివేశాము. టైమర్ పెట్టి మొదట రోజుకు ఆరు గంటలే వెలిగించాము. గాజు తుడిచి, వారానికొకసారి పావు వంతు నీరు మార్చాము. కొత్త నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టిన తరువాతే పోశాము. నెల రోజులలో నాచు తగ్గింది. ఆ తరువాత ఎనిమిది గంటలకు పెంచాము: మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు. చీకటిలో ఒక్కసారిగా దీపం వెలిగితే చేపలు బెదురుతాయి గనుక గదిలో వెలుతురు ఉన్న వేళలనే ఎంచుకున్నాము.

నానీమా దారి

టైమర్ పెట్టిన రెండవ రోజున పిల్లల నానీమా ఒక మాట అన్నారు. తహజ్జుద్ నమాజుకు లేచి వుజూకు వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ ఆమెకు దారి చూపినది ఆ తొట్టె వెలుగేనట. మోకాళ్ల నొప్పితో చీకటిలో తడుముకుంటూ వెళ్లారట. మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. మళ్లీ రాత్రంతా దీపం వేస్తామని అన్నాము. ఆమె ఒప్పుకోలేదు.

“వాటికి రాత్రి కావాలి, నాకు దారి కావాలి. రెండింటికీ ఉపాయం చూడండి, బేటా” అన్నారు.

ఉపాయం ఇంట్లోనే ఉంది. తీసివేసిన స్ట్రిప్పులో నుంచి 20 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, ఆమె మంచం నుంచి నడవా వరకు వెలుగు పడేలా గోడ అడుగున బిగించాము. మూలన పడి ఉన్న పాత 12 వోల్టుల రౌటర్ అడాప్టర్ దానికి సరిపోయింది. మూడు వాట్లు, నేల మీదకే పడే వెలుగు, తొట్టె వైపు పోదు. తొట్టె దీపాలు, ఈ దారి దీపం రెండూ కలిసి ఇప్పుడు నెలకు ఏడెనిమిది యూనిట్లకు మించవు.

పాత ట్యూబులలో పాదరసం ఉంటుంది గనుక వాటిని పగలకొట్టకుండా అట్టపెట్టెలో చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చాము.

మీ ఇంట చేపల తొట్టె ఉన్నట్లయితే ఈ రాత్రి దానిని ఒకసారి చూడండి. దీపం ఎన్ని గంటలుగా వెలుగుతున్నదో లెక్క వేయండి. ఆ మూగజీవులు తమకు తాముగా మన ఇంటికి వచ్చినవి కావు, మనం తెచ్చుకున్నవి. అవి మన చేతిలో అమానతు. రాత్రి 10 గంటలకు మా తొట్టెలో దీపం ఆరిపోగానే టెట్రాలు మొక్కల మధ్యకు చేరి కదలక నిలుస్తాయి. మరికొన్ని గంటలకు నడవాలో నానీమా అడుగుల చప్పుడు వినిపిస్తుంది, తడబాటు లేకుండా.