సముద్రపు గాలం: కర్ర, రీలు, దారం

చెరువు గట్టున కూర్చుండి వెదురుకర్రతో జెల్లలు పట్టేవానికి రీలుతో పనిలేదు. చేప ఎంత గింజుకొన్నా దారం పొడవు దాటి పోలేదు. సముద్రంలో ఈ లెక్క చెల్లదు. గాలానికి తగిలిన పెద్ద పారగాని, ట్యూనాగాని ఒక్క ఊపున వంద గజాలు పరుగెత్తగలదు. దారం విడువకపోతే తెగుతుంది. తెగకపోతే పట్టినవాణ్ణే లాగుతుంది. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకు వెళ్ళిన ఒక మత్స్యకారుణ్ణి గాలానికి తగిలిన కొమ్ముకోనం తాటితోసహా సముద్రంలోకి లాగివేయగా అతడు గల్లంతైనాడు. గాలపు తాటిని చేతితో లాగేవానికీ, చేపకూ మధ్య అతని పిడికిలి తప్ప మరొక నిరోధం లేదు. కర్ర, రీలు అనే జంట సాధనం ఆ నిరోధాన్ని చేతినుంచి తప్పించి యంత్రానికి అప్పగిస్తుంది. కనుక వాటిని ఎన్నుకొనేవారు మొదట చూడవలసినది ఆ యంత్రాన్నే. రంగునూ, మెరుపునూ కాదు.

1898లో కాలిఫోర్నియా తీరానికి ఎదుట ఉన్న కాటలీనా దీవి దగ్గర ఛార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే అమెరికన్ 183 పౌనుల ట్యూనాను కర్రతో, రీలుతో పట్టినాడు. ఆనాటి రీళ్ళలో చేప పరుగెత్తితే కండెతోపాటు పిడి కూడ గిర్రున తిరిగి వేళ్ళను చితకగొట్టేది. కండెమీద తోలుముక్క అదిమి వేగాన్ని తగ్గించవలసి వచ్చేది. తరువాత పిడి కదలకుండానే కండె జారగల ఏర్పాటు వచ్చింది. దీనినే డ్రాగు అంటారు. ఒకదానిమీద ఒకటి పేర్చిన లోహపు బిళ్ళలు, వాటి మధ్య ఉన్నిబిళ్ళలో, కార్బన్ బిళ్ళలో ఉంటాయి. మర బిగించిన కొద్దీ వాటి మధ్య ఘర్షణ పెరుగుతుంది. చేప లాగుడు ఆ ఘర్షణను మించిన క్షణంలో కండె జారి దారాన్ని వదులుతుంది.

డ్రాగును ఎంతకు బిగించవలెను? దారం ఓర్చుకొనే బలంలో నాల్గవ వంతు మొదలు మూడవ వంతు వరకు అని అనుభవజ్ఞుల లెక్క. 12 కిలోల దారానికి 3 లేక 4 కిలోలు. ఇది మరీ పిరికి లెక్కగా తోచవచ్చును. కాని కారణాలున్నాయి. ముడి వేసినచోట దారం బలం తగ్గుతుంది. ఆగి ఉన్న బిళ్ళలను కదిలించటానికి, కదులుతున్న బిళ్ళలను జార్చటానికన్న ఎక్కువ బలం కావలెను. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటున్నది. కండె నిండుగా ఉన్నప్పుడు దారపు చుట్ట వ్యాసార్ధం 3 సెంటీమీటర్లనుకొందాము. చేప పరుగెత్తి దారం పోగా చుట్ట వ్యాసార్ధం ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గినది. బిళ్ళల ఘర్షణ మారలేదు. కాని ఆ ఘర్షణను గెలవటానికి దారం లాగే మీట సగమైనది. కనుక 4 కిలోలకు బిగించిన డ్రాగు ఇప్పుడు 8 కిలోల బలానికిగాని జారదు. నీటిలో సాగిన పొడవాటి దారంమీద నీటి ఒరపిడి దీనికి అదనం. చేప దూరం పోతున్నకొద్దీ కొత్తవారు మరను ఇంకా బిగిస్తారు. చేయవలసినది సరిగా దీనికి వ్యతిరేకం.

అందువల్ల సముద్రపు రీలుకు కండె పెద్దదిగా, దారం పుష్కలంగా పట్టేదిగా ఉండవలెను. పెట్టెమీద అచ్చువేసిన గరిష్ఠ డ్రాగు అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. 15 కిలోల డ్రాగున్న రీలు 4 కిలోల దగ్గర కుదుపులు కుదుపులుగా జారితే ఆ కుదుపుకే దారం తెగుతుంది. దారం కొసకు స్ప్రింగుత్రాసు కట్టి మెల్లగా లాగి, ముల్లు నిలకడగా ఉన్నదో లేదో చూడటం మంచి పరీక్ష.

రీళ్ళు ముఖ్యంగా రెండు తెగలు. ఒకదానిలో కండె తానే తిరిగి దారం వదులుతుంది. దీనికి బలమెక్కువ, పడవనుండి లోతునీట పెద్దచేపకు ఇదే తగినది. కాని విసిరేటప్పుడు ఎర వేగం తగ్గినా కండె తన జడత్వం వల్ల తిరుగుతూనే ఉండి దారం పిచ్చుకగూడై కూర్చుంటుంది. బొటనవేలితో అదుపుచేయటం నేర్చుకొనవలెను. రెండవ తెగలో విసిరేటప్పుడు కండె కదలదు. దాని అంచుమీదినుంచి దారం చుట్లు చుట్లుగా ఊడివస్తుంది. నూలుమిల్లులో కండె కొసనుంచి నూలు ఊడివచ్చే తీరే ఇది. ఇంగ్లండులో వస్త్రపరిశ్రమకు చెందిన హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఇట్టి రీలుకు పేటెంటు పొందటం కాకతాళీయం కాదు. ఒడ్డునుంచి వేసే కొత్తవారికి ఇది సుళువు. చేప దారం లాగుతున్నప్పుడు మాత్రం దీని పిడి తిప్పరాదు. దారం లోపలికి రాదు సరికదా, తిప్పిన ప్రతిసారీ మెలి పడుతుంది.

ఇక కర్ర. ఇది తులాదండమే, కాని లాభం చేపకే. కర్ర మొదలు పొట్టకు ఆనించి, అక్కడికి 50 సెంటీమీటర్ల దూరాన ఎడమచేతితో పట్టినారనుకొందాము. కొస 2 మీటర్ల దూరాన ఉన్నది. కొసను చేప 4 కిలోల బలంతో అడ్డంగా లాగితే, చేయి 16 కిలోలు మోయవలెను. కొస 3 మీటర్ల దూరాన ఉంటే 24 కిలోలు! కర్ర వంగినప్పుడు లాగుడు రేఖ దగ్గరకు జరిగి, మీట పొడవు 1 మీటరుకు తగ్గితే చేతిమీద పడేది 8 కిలోలే. కర్ర వంగటం బలహీనత కాదని దీనివల్ల తెలుస్తుంది. పడవమీద ఆరేడడుగుల కర్ర చాలు. ఇసుకతీరంనుంచి అలలు దాటి సీసపుగుండు విసరవలెనంటే పది పన్నెండడుగులు తప్పదు. అప్పుడు పెద్దచేపతో పెనుగులాట కష్టమని ఒప్పుకొనవలసిందే. ఈ రెండు పనులకూ ఒకే కర్ర చాలునని అమ్మేవారి మాట నమ్మదగినది కాదు.

నైలాన్ దారం సాగుతుంది. చేప కుదుపును కొంత తానే మింగుతుంది. పాలిథీన్ పోగుల అల్లిక దారం అదే బలానికి చాల సన్నం, కండెమీద ఎక్కువ పడుతుంది. కాని సాగదు, రాతికి ఒరుసుకొంటే ఇట్టే తెగుతుంది. అందుకే విశాఖ తీరంవంటి రాళ్ళచోట్ల అల్లిక దారం చివర మందమైన నైలాన్ ముక్క కడతారు.

మంచినీటి రీలును సముద్రానికి తీసుకుపోతే ఏమవుతుంది? లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అల్యూమినియమూ, ఉక్కూ ఒకదానికొకటి తగిలినచోట ఉప్పునీరు చేరితే చిన్న విద్యుద్ఘటమే ఏర్పడుతుంది. అందులో క్షయించేది అల్యూమినియం. పైపూత గీరుకుపోయిన చోట, మరమేకుల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే ఈ పని మొదలైనట్లే. తుప్పుపట్టదని పేరుపడ్డ ఉక్కుగుండ్లు సైతం క్లోరైడు సోకితే గుంటలు పడతాయి. కనుక లోపలికి నీరు చొరకుండా రబ్బరు బిరడాలున్న రీలుకు కొంత ధర ఎక్కువైనా పెట్టవచ్చును. వేటనుంచి రాగానే డ్రాగు బిగించి, మంచినీటిని సన్నగా పోసి కడగవలెను. గొట్టంతో ధాటిగా కొడితే ఉప్పు కడుక్కుపోవటానికి బదులు లోపలికి దూరుతుంది. ఆరిన తరువాత మరను పూర్తిగా వదులు చేసి దాచవలెను. బిగించి ఉంచితే బిళ్ళలు అణగిపోయి, మరుసటి వేటలో అవి మొదటిసారి జారేది కుదుపుతోనే.