నిద్ర రావట్లేదా, వేళ కుదరట్లేదా?

పిల్లలు అమెరికా నుంచి వస్తూ తెచ్చే విటమిన్ సీసాల పక్కన ఇప్పుడు మెలటోనిన్ సీసా కూడా ఉంటోంది. ‘నిద్ర పట్టట్లేదంటివి గదా నాయనా, రాత్రికొకటి వేసుకో’ అని ఆత్మకూరులో దిగిన కొడుకు తండ్రి చేతిలో పెడతాడు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం అది మందుల లెక్కలోకి రాదు, సరుకుల కొట్లోనే దొరుకుతుంది. యూరప్‌లో కొన్ని దేశాల్లో మాత్రం డాక్టరు చీటీ కావాలి.

మెలటోనిన్ మన ఒంట్లో ఊరేదే. కంటికి వెలుతురు తగ్గగానే మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని వదులుతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేసింది. దీని పని చీకటి పడిందని ఒంటికి దండోరా వేయడమే. మత్తు మాత్రలా పట్టి పడుకోబెట్టదు. 19 ప్రయోగాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో, వేసుకున్నవాళ్లకు నిద్ర సగటున 7 నిమిషాలు ముందు పట్టింది. అంతే! దీర్ఘకాల నిద్రలేమికి దీన్ని వాడకపోవడమే మేలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2017లో సూచించింది.

మరి ఎవరికి పనికొస్తుంది? వేళ తప్పినవాళ్లకు. డాలస్ నుంచి దిగి పగలు తూగుతూ రాత్రి మేలుకునే కొడుక్కి, ఇక్కడి పడక వేళకు కొద్ది మోతాదులో నాలుగు రోజులు వేసుకుంటే మేలు చేస్తుంది. తెచ్చినవాడికే ఎక్కువ అక్కర అన్నమాట.

తండ్రి సంగతి వేరు. ఎనిమిదింటికే పక్కెక్కి మూడింటికి లేస్తే ఆయన ఏడు గంటలు నిద్రపోయినట్టే. సాయంత్రం వేసుకున్న మెలటోనిన్ ఆ వేళను ఇంకా ముందుకు జరపగలదు. ఆయనకు కావలసింది పొద్దుగూకేటప్పుడు కాసేపు వెలుతురు, మధ్యాహ్నం కునుకుకు ఒక హద్దు. ఇక ఉదయగిరి ఎండాకాలం: పగలంతా కాగిన మిద్దె రాత్రి పదకొండైనా సెగ కక్కుతుంటుంది. ఒంటి వేడి కొంత దిగితేగానీ నిద్ర పట్టదు. ఆ సెగకు మాత్ర ఏం చేస్తుంది? ఆరుబయట దోమతెర కట్టిన నులక మంచం నయం. షుగరు వల్ల రాత్రి నాలుగుసార్లు లేచేవాళ్లు, గురకతో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లు అసలు జబ్బుకే వైద్యం చేయించుకోవాలి.

సీసా మీద రాసినంతే లోపల ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2017లో కెనడాలో 31 రకాలను పరీక్షిస్తే ఒకదాంట్లో రాసినదానికి నాలుగు రెట్లకు పైగా అదనంగా ఉంది.

బీపీ మాత్రలతో దీని లంకె మరీ చిక్కు. అటెనొలాల్ వంటివి ఒంట్లో ఊరే మెలటోనిన్‌ను తగ్గిస్తాయి. అలాంటి రోగులకు ఇది నిద్ర తెచ్చిన దాఖలా ఉంది. నిఫెడిపిన్ వాడేవాళ్లలోనేమో బీపీని పెంచింది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు రక్తస్రావం భయం. అందుకే డాక్టరు దగ్గరికి సీసా ఒక్కటే కాదు, రోజూ వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి.