వెండితెర నాగులు – పుట్టలోని పాములు

మన చలనచిత్రాలలో ఏనుగుకు స్నేహితుని పాత్ర, కుక్కకు విశ్వాసపాత్రుని పాత్ర ఏనాడో స్థిరపడిపోయాయి. చిన్నప్ప దేవర్ 1971లో నిర్మించిన 'హాథీ మేరే సాథీ', 1985 నాటి 'తేరీ మెహర్బానియాఁ' ఇందుకు నిదర్శనాలు. వాటిలో అతిశయోక్తి ఉన్నా అందువల్ల ప్రేక్షకునికి వచ్చే ముప్పు లేదు. పాము సంగతి వేరు. తెర మీద పామును గురించి మనం నేర్చుకున్న పాఠాలు పొలం గట్టున అక్కరకు రాకపోగా అపకారం చేస్తాయి. అందుచేత ఈ వ్యాసాన్ని పాముకే పరిమితం చేస్తున్నాము.

1954 నాటి హిందీ చిత్రం 'నాగిన్'లోని నాగస్వర నాదం దేశమంతటా మారుమ్రోగింది. విచిత్రమేమంటే అది నాగస్వరం కానే కాదు. క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం మీద కల్యాణ్‌జీ పలికించిన స్వరం. పాముకు వెలుపలి చెవులు లేవు. నేల అదురును దవడ ఎముకల ద్వారా గ్రహిస్తుంది. గాలిలోని మంద్రధ్వనులు కూడా కొంతవరకు తెలుస్తాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అయినా పాములవాని ఎదుట అది ఊగేది రాగానికి కాదు. కదిలే బూరను శత్రువుగా తలచి, పడగ విప్పి, దానినే కనిపెట్టి చూస్తూ ఉంటుంది.

పగ సంగతి మరీ ముఖ్యం. 1976 నాటి మరో 'నాగిన్', శ్రీదేవి నటించిన 'నగీనా' (1986), మన తెలుగులో కోడి రామకృష్ణ గారి 'దేవి' (1999), 2015లో మొదలైన 'నాగిన్' ధారావాహిక – వీటి కథలు వేరైనా నాగకన్యకు మాత్రం మానవ హృదయం, మానవ స్మృతి తప్పవు. కథగా ఆనందించవలసినదే, మేమూ ఆనందించాము. కానీ మనిషి ముఖాన్ని గుర్తుంచుకొని పగ తీర్చుకునే శక్తి పాముకు లేదు. ఒక పామును చంపిన తరువాత "జంట పాము వస్తుంది" అంటూ పెరడంతా గాలించి, ఎలుకలను తిని రైతుకు మేలు చేసే, విషమే లేని జెర్రిపోతును కూడా కొట్టి చంపడం మనకు తెలియనిది కాదు.

సినిమాలో పాము దుర్మార్గుని వెదకి కాటు వేస్తుంది. అతడు కెవ్వుమని అరచి, నురుగులు కక్కి, నిమిషంలో నేలకొరుగుతాడు. నాయకుని కాటువేస్తే నాయిక నోటితో విషం పీల్చి ఉమ్మివేస్తుంది. వాస్తవంలో కాటుకు గురయ్యేవారు చాలావరకు చెప్పులు లేకుండా చేలో నడిచే రైతులు, కూలీలు, నేల మీద నిద్రించే పేదలు. కట్లపాము రాత్రివేళ కాటు వేస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు; కరచిన సంగతే తెలియకపోవచ్చు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని ఒక అధ్యయనం అంచనా. కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం హాని చేసేవే. కరచిన అవయవాన్ని కదలనీయక, మంత్రగాని ఇంటికి కాక విషవిరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. ఈ ఒక్క మాటను కుటుంబ సభ్యులందరికీ చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.

ఇక తెర వెనుక పాము అనుభవించిన బాధ మరొక కథ. కోరలు పెరికి, నోరు కుట్టి ఆడించడం పాములవారిలో ఉన్నదే. పాలు పాముకు ఆహారం కాదు. రోజుల తరబడి నీరు లేక ఎండిన ప్రాణి గనుక పాలనైనా త్రాగుతుంది. 2001 నాటి నిబంధనల దరిమిలా చిత్రీకరణలో జంతువులను వాడడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. ఇప్పుడు కంప్యూటర్ గ్రాఫిక్స్ పాములే ఎక్కువ. జీవికి హింస తప్పింది, సంతోషమే. అయితే కంప్యూటర్‌లో పుట్టిన పాము కూడా పాత పద్ధతిలోనే పగబడుతోంది!

తమిళనాడులోని వడనెమ్మేలిలో 1978లో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఏర్పడింది. వారు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటిని పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతారు. విషవిరుగుడు తయారీకి ఆ విషమే ముడిసరుకు. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లను 2023లో పద్మశ్రీ వరించింది. 2021 నాటి 'జై భీమ్' చిత్రంలో ఒక ఇరుళ యువకుడు ఊరి పెద్ద ఇంట పామును పట్టే సన్నివేశమున్నది. అందులో మహిమ లేదు, పగ లేదు, పాము పాముగానే ఉంటుంది. చూడనివారు చూడవచ్చును.